నాటేది టెంక, ఎదురుచూసేది పదిహేనేళ్లు: తాటిచెట్టుపై పాఠకుల ప్రశ్నలు

తాటిపళ్లు రాలే కాలం వచ్చింది. టెంక నాటాలన్నా, తేగల పాతర వేయాలన్నా ఇదే అదను. అందుకే ఈ సంచిక మొత్తం తాటిచెట్టుకే ఇస్తున్నాం. అదను దాటితే ఏడాది ఆగాల్సిన పనులకు ముందుగా జవాబిస్తున్నాం.

ప్రశ్న: నాకు మూడెకరాల చెలక ఉంది. నర్సరీలో నల్ల సంచుల్లో పెంచిన తాటి మొక్కలు తెచ్చి గట్ల మీద నాటాను. ఏడాది తిరక్కుండానే అన్నీ ఎండిపోయాయి. ఎవరూ నాటకుండానే వాగుల వెంట మొలిచే చెట్టు నేను నాటితే ఎందుకు బతకడం లేదు? (ఒక రైతు, నల్గొండ జిల్లా)

జవాబు: మీ నేలలో లోపం లేదు, ఆ సంచులతోనే వచ్చింది చిక్కు. తాటిటెంక మొలిచే తీరు వేరు. టెంకలోంచి ముందు తెల్లటి గొట్టం లాంటి కాడ వచ్చి నిలువునా నేలలోకి దిగుతుంది. గుల్ల నేలైతే మూరెడు లోతుకు, ఒక్కోసారి అంతకు మించి పోతుంది. అసలు మొలక ఆ గొట్టం కొసలో ఉంటుంది. అక్కడికి చేరాకే అది కిందికి వేళ్లు తన్ని, పైకి ఆకు పంపుతుంది. అంటే మొక్క నిలదొక్కుకునేది టెంకకు బాగా అడుగున. అడుగు ఎత్తు సంచిలో ఆ గొట్టం అడుగుకు తగిలి మెలి తిరుగుతుంది, లేదా సంచిని చీల్చుకుని కింది నేలలోకి పోతుంది. సంచి ఎత్తినప్పుడు తెగిపోతుంది. పైన ఆకు పచ్చగానే ఉంటుంది కాబట్టి ఆ సంగతి తెలియదు. గొట్టంలో నిల్వ ఉన్న పిండిపదార్థం అయిపోయేదాకా నిలబడి, తర్వాత ఎండుతుంది.

కాబట్టి నేరుగా టెంకే నాటండి. శ్రావణ భాద్రపదాల్లో బాగా పండి రాలిన పళ్లు ఏరండి. కోసి దించిన కాయలు వద్దు, వాటి టెంకలో మొలక పూర్తిగా తయారై ఉండదు. మంచి కాపు ఉండి, గుజ్జు చేదు లేని చెట్లను ముందే గుర్తుపెట్టుకుని వాటి కిందివే తీసుకోండి. పీచులో గుజ్జు మిగిలితే అడవిపందులూ పురుగులూ చేరతాయి. గుజ్జు పిండేశాక టెంకల్ని ఒకరోజు నీళ్లలో ఉంచి కడిగి, నీడలో ఆరబెట్టండి. ఎండలో పడేసి నెలలు గడిపితే మొలిచే శక్తి పోతుంది. రెండు మూడు వారాల్లో నాటేయడం మంచిది.

గట్టు మీద 3 మీటర్ల దూరం చాలు. ఆ లెక్కన వంద మీటర్ల గట్టుకు 34 గుంతలు పడతాయి. పూర్తి తోటగా వేస్తే 3×3 మీటర్ల ఎడంతో ఎకరానికి 450 దాకా వస్తాయి. మీ చెలకలో కంకర పొర ఉంటే అడుగు గుంత తీసి సరిపెట్టకండి. గుంత అడుగున గడ్డపారతో మరో రెండడుగులు పొడిచి గుల్ల చేయండి. గొట్టానికి దారి అదే. తీసిన మట్టిలో రెండు గంపల చివికిన పశువుల ఎరువు కలిపి నింపి, గుంతకు రెండు టెంకలు పడుకోబెట్టి, పైన నాలుగంగుళాల మట్టి కప్పండి. రెండూ మొలిస్తే రెండో ఏడు బలహీనంగా ఉన్నది తీసేయండి.

ఇక ఓపిక పట్టాలి. ఆకు పైకి కనబడడానికి నాలుగైదు నెలలు, పొడి నేలలో ఇంకా ఎక్కువే పడుతుంది. ఈ మధ్యకాలంలో మొలవలేదేమో అని తవ్వి చూసి గొట్టాన్ని తెంపేవాళ్లు చాలామంది. గుంత పక్కన కర్ర పాతి వదిలేయండి. మొదటి ఆకు విసనకర్రలా ఉండదు, ఒకే కత్తిరేకులా నిలువుగా వస్తుంది. కలుపు అనుకుని పీకకండి. మొదటి రెండు వేసవులు పది పదిహేను రోజులకోసారి బిందెడు నీళ్లు పోస్తే చాలు. ఆ తర్వాత చెట్టు తన దారి తాను చూసుకుంటుంది. లేత తాటిని చంపేవి గట్ల మీద గడ్డికి పెట్టే నిప్పు, మేకలు, జేసీబీ. ఈ మూడింటి నుంచి ఐదారేళ్లు కాపాడండి చాలు.

సంచిలోనే పెంచక తప్పకపోతే టెంకల్ని తడి ఇసుకలో పెట్టి, గొట్టం అంగుళం బయటికి రాగానే తీసి, కనీసం రెండున్నర అడుగుల పొడవున్న సంచిలోనో పీవీసీ గొట్టంలోనో పెట్టాలి. పైన ఒక్క ఆకు రాగానే నేలలోకి మార్చాలి.

ప్రశ్న: మొక్క దశలోనే పోతుతాడు ఏదో, పండుతాడు ఏదో గుర్తుపట్టవచ్చా? మాకు కాయలే కావాలి. (జంగారెడ్డిగూడెం)

జవాబు: చూపుతో గుర్తుపట్టే గుర్తేదీ లేదు. మట్ట రంగు, ఆకు కరుకు, టెంక ఆకారం చూసి చెప్పేవాళ్లుంటారు గానీ అవి నిలవవు. తొలి గెల వేసినప్పుడే తెలుస్తుంది. అది 12 నుంచి 20 ఏళ్ల మధ్య ఎప్పుడైనా కావచ్చు. పోతుచెట్టు వేళ్లలాంటి పొడవాటి కంకులు వేస్తుంది, పండుతాడు గుండ్రని బుడిపెలున్న గెల వేస్తుంది. టెంకల నుంచి రెండూ దాదాపు సగం సగం వస్తాయి. కాయల కోసం యాభై చెట్లు కావాలంటే వంద నాటండి. పోతువి వృథా అనుకోకండి. నీరాకు (గెల నుంచి కారే పులియని తీపి రసం), ఆకుకు అవి పనికొస్తాయి. పైగా అవి లేకుంటే పండుతాళ్లలో పుప్పొడి పడక కాపు పలచబడుతుంది.

ప్రశ్న: ఇంటి వెనక తాటిటెంకలు పూడ్చాను. సంక్రాంతికి తవ్వితే తేగలు చూపుడువేలంత సన్నగా, వంకర్లు తిరిగి వచ్చాయి. కొన్ని టెంకలు కుళ్లాయి. చిన్నప్పుడు మా ఊరి పాతరలో బాగా లావుగా ఉండేవి. (గృహిణి, అమలాపురం)

జవాబు: పైన చెప్పిన గొట్టమే పిండి ఊరి తేగ అవుతుంది. అది నిటారుగా కిందికి దిగడానికి చోటు లేకపోతే వంకర పోతుంది. గుంత తవ్వి పూడ్చడం కంటే నేల మీద మట్టి ఎత్తు చేసి పాతర వేయడం అందుకే మేలు. తీసేటప్పుడూ పక్క నుంచి మట్టి లాగితే తేగ విరక్కుండా వస్తుంది.

మూడడుగుల వెడల్పున, వీలైనంత పొడవున, రెండడుగుల ఎత్తున గుల్ల మట్టి పోయండి. ఇసుక సగం, పొలం మట్టి సగం కలిస్తే సరిగ్గా ఉంటుంది. మీ కోనసీమ ఒండ్రుమట్టి ఒక్కటే పోస్తే బిగుసుకుంటుంది, తేగ లావెక్కదు. రాళ్లు, పెంకులు ఏరేయండి. కింద సిమెంటు గచ్చు ఉంటే అసలు వేయకండి. పైన టెంకల్ని ఒకదానికొకటి ఆనేలా పరిచి, రెండు మూడంగుళాల మట్టి కప్పి, దానిమీద ఎండుగడ్డి వేయండి. స్థలం తక్కువైతే రెండు వరుసలు ఒకదానిమీదొకటి పేర్చవచ్చు. మూడో వరుస పేరిస్తే కింద ఉన్న టెంకలకు గాలి ఆడదు.

కుళ్లింది నీరెక్కువై. వానలున్నన్నాళ్లు నీళ్లు పోయనక్కర్లేదు. కార్తీకం నుంచి వారానికోసారి తడిపితే చాలు. పిడికిట్లో మట్టి పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. సన్నగా రావడానికి మరో కారణం విత్తనం. చిన్న టెంకలు, పండకముందే రాలిన కాయలు, ఇంటి మూల ఎండిపోయిన పాతవి లావు తేగనివ్వవు. మూడు టెంకలున్న పండు కన్నా ఒకటి రెండు టెంకలే ఉన్న పెద్ద పండు నయం.

మూడు నుంచి నాలుగు నెలలకు తేగ తయారవుతుంది. తవ్వే ముందు ఒక చివర ఒకటి లాగి చూడండి. విరిస్తే పెళుసుగా విరిగి, మధ్యలో పిల్లలు చందమామ అని పిలిచే లేత ఆకు సన్నగా ఉంటే సరైన సమయం. చందమామ లావెక్కి పచ్చబడితే ఆలస్యమైనట్టే. పిండి ఆకుకు పోయి పీచు మిగులుతుంది. బుర్రగుంజు కావాలంటే మాత్రం అంత కాలం ఆగకూడదు. తేగ సగం దిగినప్పుడే టెంక కొట్టాలి. అప్పుడు లోపలి గుంజు తెల్లగా, తియ్యగా టెంకంతా నిండి ఉంటుంది. తర్వాత అది మెత్తబడి రుచి పోతుంది.

నిప్పుల మీద కాల్చినా, ఉప్పు పసుపు వేసి ముప్పావు గంట ఉడికించినా తేగ బాగుంటుంది. ఎండబెట్టి పిండి చేసుకునేవాళ్లు తప్పకుండా ముందు ఉడికించి, తర్వాతే ముక్కలు కోసి ఎండబెట్టాలి. పచ్చి తేగను నేరుగా ఎండబెట్టిన పిండిలో చేదూ, ఒంటికి పడని పదార్థాలూ మిగులుతాయి. శ్రీలంకలో యాళ్పాణం (జాఫ్నా) వైపు ఉడికించి ఎండబెట్టినదాన్నీ, పచ్చిగా ఎండబెట్టినదాన్నీ వేర్వేరు పేర్లతోనే అమ్ముతారు.

ప్రశ్న: మా తాళ్ల నుంచి నీరా దించి బెల్లం వండుదామనుకుంటే రెండుసార్లూ గట్టిపడలేదు. ముద్దగా, జిగురుగా మిగిలింది. మూడోసారి గట్టిపడింది కానీ నల్లగా, నోట్లో సున్నం రుచి తగిలింది. (యువ రైతు, జనగామ జిల్లా)

జవాబు: మొదటి రెండుసార్లు సున్నం తక్కువైంది, మూడోసారి ఎక్కువైంది.

తాటి నీరాలో నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెర ఉంటుంది. గెల నుంచి చుక్క లొట్టిలో (గెలకు కట్టే కుండలో) పడిన క్షణం నుంచే గాలిలోని, పాత కుండలోని సూక్ష్మజీవులు ఆ చక్కెర మీద పని మొదలుపెడతాయి. ముందు పులుపు పుడుతుంది. ఆ పులుపు గడ్డకట్టే చక్కెరను గడ్డకట్టని చక్కెరగా విరుస్తుంది. కల్లు కాకపోయినా, వాసనకు బాగున్నట్టే ఉన్నా బెల్లానికి మాత్రం అది పనికిరాదు. ఎంత కాచినా పాకం జిగురుగానే ఉంటుంది, మరీ కాస్తే మాడుతుంది. దీన్ని ఆపేందుకే లొట్టి లోపల సున్నం పూత వేస్తారు.

లొట్టిని రోజూ వేడినీళ్లతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. పొగ పట్టించడం పాత పద్ధతి, మంచిది కూడా. తర్వాత మెత్తగా జల్లించిన సున్నాన్ని మజ్జిగ చిక్కదనంలో కలిపి లోపల పలచగా పూయండి. అడుగున కొంచెం మందంగా, గోడలకు పలచగా ఉండాలి. పులుపు చూసే కాగితం (పీహెచ్ పేపరు) మందుల దుకాణాల్లో దొరుకుతుంది. దించిన నీరా 7.5 నుంచి 8.5 మధ్య చూపిస్తే సరిపోయినట్టు. 7 కంటే తక్కువుంటే ఆ లొట్టిని బెల్లంలో కలపకండి. ఒక్క పులిసిన లొట్టి ముప్పై లీటర్లను పాడుచేస్తుంది. 9 దాటితే మీ మూడో వంటలా నల్లబడుతుంది.

సాయంత్రం కట్టిన లొట్టిని పొద్దు పొడవకముందే దించాలి. దించగానే గుడ్డతో వడకట్టి, గంటసేపు కదపకుండా ఉంచితే సున్నం అడుగుకు దిగుతుంది. పై తేటను మాత్రం వెడల్పు పెనంలోకి వంచండి. అడుగు తెట్టె వద్దు. మొదటి పొంగులో వచ్చే నురగను తీసేస్తూ ఉండాలి. తర్వాత పొంగు ఆగడానికి నాలుగైదు ఆముదం గింజలు నూరి వేస్తారు, లేదా చెంచా కొబ్బరినూనె. మంట మొదట పెద్దగా ఉండొచ్చు. పాకం చిక్కబడ్డాక మాత్రం తగ్గించి, కలుపుతూనే ఉండాలి. తాటిమట్టలు వంటచెరకుగా మంచివే గానీ చివర్లో వాటి మంటను అదుపు చేయడం కష్టం, అప్పుడు రెండు మూడు కట్టెలే ఉంచండి.

చల్లటి నీళ్లలో చుక్క వేస్తే గట్టి ఉండై, గిన్నెకు కొడితే టంగుమనాలి. థర్మామీటరు ఉంటే 118 నుంచి 120 డిగ్రీల సెల్సియస్. దించాక వెంటనే పోయకండి. ఐదారు నిమిషాలు గరిటెతో రుద్దుతూ కలిపితే రవ్వ కట్టడం మొదలవుతుంది. అప్పుడు తడిపిన కొబ్బరి చిప్పల్లో పోయండి. ఎనిమిది నుంచి పది లీటర్లకు కిలో బెల్లం వస్తుంది. అంతకంటే బాగా ఎక్కువొస్తే ఇంకా నీరు మిగిలినట్టే, వానాకాలంలో కారిపోతుంది.

నీరాను తాగడానికే అమ్మాలంటే సున్నం కన్నా చలి మేలు. కొబ్బరి నీరా కోసం కాసరగోడులోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ ఐసు నింపిన పెట్టెలో సేకరించే పరికరం రూపొందించింది. తాటికీ అదే సూత్రం పనిచేస్తుంది. గెల కొస నుంచి సీసా దాకా నీరా గాలికి తగలకుండా, చల్లగా ఉండాలి. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ తెరిచాక ఊళ్లలోనూ ఆసక్తి పెరిగింది, సంతోషం. కానీ దించిన చోటు నుంచి తాగే చోటు దాకా చలి తెగకుండా ఉండకపోతే గిరాకీ నిలవదు. నీరా, కల్లు రెండింటికీ ఎక్సైజ్ శాఖ అనుమతి తీసుకున్నాకే మొదలుపెట్టండి.

ప్రశ్న: కల్లు గీత నేర్చుకుంటున్నాను. పోద్దాళ్లకు (పోతుతాళ్లకు) వారం రోజులు బాగానే పారుతుంది, తర్వాత గెల కొస నల్లబడి ఆగిపోతోంది. (సూర్యాపేట జిల్లా)

జవాబు: గీత మందమైతే గెల తొందరగా అయిపోతుంది, గీత తప్పితే కొస మూసుకుపోతుంది. మీ చెట్లకు రెండోది జరుగుతున్నట్టుంది. కోసిన ప్రతిసారీ చెట్టు ఆ గాయాన్ని మూసుకోవడానికే చూస్తుంది. పొద్దున, సాయంత్రం తప్పకుండా, ఎండలు ముదిరాక మధ్యాహ్నం కూడా, కాగితమంత పలచని బిళ్ల తీస్తేనే నాళాలు తెరిచి ఉంటాయి. ఒక్క పూట మానినా కొస ఎండి నల్లబడుతుంది. అలా అయిన గెలకు అంగుళం మేర కోసి, మూడు రోజులు గీత తప్పకుండా చూడండి. మళ్లీ పారవచ్చు.

రెండో కారణం మొదట్లో నలపడం. పోతుగెల కంకులు విచ్చుకోకముందే రెండు కర్రల మధ్య పట్టి మెత్తగా నొక్కాలి. నాలుగైదు రోజులు, రోజుకు కొంచెం కొంచెం. ఒకేరోజు గట్టిగా నొక్కితే లోపలి కండ చితికి కుళ్లుతుంది. నొక్కిన కంకుల్ని కలిపి కట్టి, కొసలు కోసి, వారం దాకా ఆగితే ఊట మొదలవుతుంది. కత్తి పదును మీదే సగం పని ఉంది. మొద్దు కత్తి కోయదు, చితకగొడుతుంది. గీత కత్తిని ఇంకే పనికీ వాడకండి.

ఒక చెట్టుకు వచ్చిన గెలలన్నీ గీయకండి. గెల గెలకూ చెట్టు తన పిండిని కరిగించి ఇస్తుంది. ఏటేటా అన్నీ గీసిన చెట్టుకు మొవ్వు సన్నబడి, మాను పైభాగం సీసా మెడలా నొక్కుకుపోతుంది. అలాంటి చెట్టుకు రెండేళ్లు విశ్రాంతి ఇవ్వాలి.

చెట్టెక్కడానికి వాడే మోకు, ముస్తాదు, గుజి ఎక్కేముందు రోజూ చేత్తో తడిమి చూడండి. నార ఒక్క పోగు తెగినా మార్చండి. తెలంగాణ ప్రభుత్వం 2024 నుంచి కాటమయ్య రక్ష పేరుతో ఇస్తున్న భద్రతా కిట్టు దొరికితే వాడండి. పాత పద్ధతిలో పైకెక్కి గెల దగ్గర రెండు చేతులూ పనిలో ఉన్నప్పుడు పట్టు జారితే ఆపేది ఏమీ ఉండదు. కిట్టులో నడుముకూ మానుకూ వేరే కట్టు ఉంటుంది. వానపడ్డ పొద్దున పాకుడు పట్టిన మానును ఎవరూ ఎక్కకూడదు, ఆ రోజు కల్లు పోయినా సరే.

ప్రశ్న: మా తాటిచెట్లలో మొవ్వాకు వాడి, లాగితే ఊడి చేతికొస్తోంది. అడుగున కుళ్లు కంపు. ఒక చెట్టు తర్వాత ఇంకో చెట్టు పోతోంది. (పాలకొల్లు)

జవాబు: ఇది మొవ్వుకుళ్లు, ఫైటోఫ్తోరా అనే, శిలీంధ్రం లాంటి సూక్ష్మజీవి తెచ్చేది. మీ ప్రాంతానికి ఇది పాత శత్రువు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గోదావరి డెల్టాలో తాళ్లు గుంపులు గుంపులుగా చనిపోతుంటే, పరిశీలించిన వృక్షరోగ శాస్త్రవేత్త ఇ.జె. బట్లర్ 1907లో ఈ సూక్ష్మజీవిని వర్ణించి పేరుపెట్టారు. అప్పట్లో జబ్బుపడ్డ చెట్ల తలలు నరికి కాల్చడమే మార్గమైంది. ఆ మాట నేటికీ చెల్లుతుంది. తాటికి పెరిగే చోటు ఒక్కటే, మొవ్వు. అది కుళ్లి లోపలిదాకా పోతే చెట్టు మళ్లీ చిగురించదు.

మధ్య ఆకు ఊడిన చెట్లను ఇక కాపాడలేరు. మొవ్వు భాగం నరికి, అక్కడే కాల్చేయండి. లాగి కాలువలో పడేస్తే వాననీటితో ఊరంతా పాకుతుంది. మధ్య ఆకు రంగు మారి, ఇంకా ఊడని చెట్టుకు ఆశ ఉంది. కుళ్లిన మేర పదునైన కత్తితో తీసి, బోర్డో ముద్ద పూసి, వాన పడకుండా వెడల్పు మూతో పాలిథీనో కప్పండి. ముద్దకు 100 గ్రాముల మైలుతుత్తాన్ని అర లీటరు నీళ్లలో, 100 గ్రాముల సున్నాన్ని మరో అర లీటరు నీళ్లలో కరిగించి, రెండింటినీ మట్టి లేదా ప్లాస్టిక్ పాత్రలో కలపాలి. ఇనుప పాత్రలు వద్దు. శుభ్రమైన ఇనుప చాకు ముంచితే దాని మీద ఎర్రటి పూత వస్తే సున్నం చాలలేదని, ఇంకొంచెం కలపాలి.

చుట్టూ ఉన్న బాగున్న చెట్లకు తొలకరిలో, మళ్లీ నెలన్నరకు ఒక శాతం బోర్డో మిశ్రమం మొవ్వు తడిసేలా కొట్టించండి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు. కలిపిన రోజే వాడేయాలి. గీసే చెట్లకు మాత్రం గీత ఆపాకే కొట్టాలి.

మానుకు రంధ్రాలు పడి నమిలిన పీచు, గోధుమరంగు జిగురు కారుతుంటే అది ఎర్రముక్కు పురుగు. విప్పిన ఆకు విసనకర్రను కత్తిరించినట్టు కనబడితే కొమ్ముపురుగు. కొమ్ముపురుగు గుడ్లు పెట్టేది పక్కనున్న పెంటకుప్పలోనే. ఆ కుప్పను తిరగేసి తెల్లటి లావు పురుగుల్ని ఏరేస్తే సగం బెడద పోతుంది.

ప్రశ్న: తాటిపండు గుజ్జు ఒక్కోసారి చేదుగా ఎందుకుంటుంది? తాటిరొట్టె కొలతలు చెప్పండి. (రాజమహేంద్రవరం)

జవాబు: చేదు చెట్టును బట్టి ఉంటుంది. గుజ్జులో ఫ్లాబెల్లిఫెరిన్లు అనే చేదు పదార్థాలుంటాయి, కొన్ని చెట్ల పళ్లలో మరీ ఎక్కువ. పండు పాతబడినా పెరుగుతుంది. రాలిన రోజే వాడండి. పైన నల్లతోలు తీసి, గుప్పెడు నీళ్లతో టెంకల పీచును పిసికి, పలచటి గుడ్డలో వడకట్టండి. టెంకను గట్టిగా గీకకండి. అప్పటికీ చేదుంటే గుజ్జును గుడ్డలో మూటకట్టి రాత్రంతా వేలాడదీయండి. చేదునీరు చాలామటుకు కారిపోతుంది.

రెండు గిన్నెల గుజ్జుకు గిన్నెన్నర బియ్యపు రవ్వ, ముప్పావు గిన్నె తురిమిన బెల్లం, అర గిన్నె కొబ్బరి కోరు, నాలుగు ఏలకులు, చిటికెడు ఉప్పు. గుజ్జును ముందు సన్నటి సెగ మీద ఐదు నిమిషాలు ఉడికించి బెల్లం కరిగించండి. చల్లారాక రవ్వ కలిపి రెండు గంటలు నానబెట్టండి. రవ్వ నానకపోతే రొట్టె పలుకులు పలుకులుగా, మధ్యలో పిండి పిండిగా వస్తుంది. మందపాటి మూకుడులో నూనె రాసి, అరటాకు పరిచి, రెండంగుళాల మందాన పోసి, మూత మీద కూడా నిప్పులు పెట్టి నలభై నిమిషాలు సన్నసెగన కాల్చాలి. గ్యాసు మీదైతే దిబ్బరొట్టెలా ఒకసారి తిరగేయండి.

ప్రశ్న: పాక కప్పడానికి తాటాకు ఎప్పుడు కొట్టాలి? ఒక చెట్టు నుంచి ఎన్ని తీయవచ్చు? (శ్రీకాకుళం జిల్లా)

జవాబు: మాఘం నుంచి చైత్రం లోపు, ఆకులో నీరు తగ్గినప్పుడు. ఎదిగిన చెట్టుకు 30 నుంచి 40 ఆకులుంటాయి, ఏడాదికి డజను పైచిలుకే కొత్తవి వస్తాయి. అంతకు మించి తీస్తే మూలధనం తింటున్నట్టే. కింది వరుసలోని పన్నెండు తీసి ఆగండి. మొవ్వు చుట్టూ నాలుగైదు ఆకులే ఉంచి నరికే అలవాటు వల్ల మరుసటి ఏడు గెలలు తగ్గిపోతాయి. కొట్టిన ఆకును పచ్చిగా కప్పితే ముడుచుకుని సందులు పడతాయి. మట్ట కొంత కోసి, దొంతరగా పేర్చి, పైన బరువు పెట్టి రెండు వారాలు ఆరనివ్వండి. ఆ కప్పు రెండు మూడేళ్లు వస్తుంది.

ప్రశ్న: పాత ఇంటి తాటిదూలాలు మళ్లీ వాడవచ్చా? కొత్తగా కోయించాలంటే ఎంత వయసు చెట్టు? (కైకలూరు)

జవాబు: చేవ ఉన్నవైతే నిస్సంకోచంగా వాడండి. మేకు దిగకపోతే మంచి దూలం. తాటిమానులో గట్టిదంతా పైపెచ్చులో నల్లటి చారలున్న భాగం, లోపలిది మెత్తటి దూది లాంటి బెండు. అరవై డెబ్బై ఏళ్లు దాటిన చెట్టు కింది సగంలోనే పనికొచ్చే చేవ ఉంటుంది. నలభై ఏళ్ల చెట్టును కోసి దూలమంటే పదేళ్లలో చెద తింటుంది. బెండంతా తొలిచేసి నీళ్లలో కొన్ని వారాలు నానబెట్టి ఆరబెడితే పురుగు తక్కువ. మీ కొల్లేటిలో తాటి మొదలు తొలిచి దోనెలు చేసేది కూడా ఈ చేవనీ బెండునీ తెలిసే. రెండు దోనెల్ని జోడించి కడితే సంగడి.

ఒక మనవి. ఇటుక బట్టీలకు ఊళ్లకు ఊళ్లు తాళ్లు అమ్ముడవుతున్నాయి. బట్టీలో ఒక పూట మంటయ్యే ఆ చెట్టును మళ్లీ చూడాలంటే రెండు తరాలు పడుతుంది. ఎండిన, పిడుగుపడ్డ చెట్లు ఇవ్వండి, కాసే చెట్టు ఇవ్వకండి.

ప్రశ్న: మా తాతగారి తాళపత్రాల కట్ట అటక మీద దొరికింది. అక్షరాలు కనబడడం లేదు. కొబ్బరినూనె రాయమంటున్నారు. (తెనాలి)

జవాబు: కొబ్బరినూనె వద్దు. జిడ్డు పట్టి దుమ్మునూ పురుగునూ లాగుతుంది. తాళపత్రం మీద అక్షరం సిరాతో రాసింది కాదు, గంటంతో గీసింది. గీసిన గాట్లలో మసి నింపితేనే కనబడుతుంది. మసి రాలిపోతే అక్షరం పోయినట్టు కాదు, పక్కనుంచి టార్చి వేస్తే గాట్లు కనబడతాయి. ఫోటో తీసేటప్పుడూ అదే ఉపాయం. మసి మళ్లీ మీరే పూయకండి.

ఎండలో పెట్టకండి, ఆకు పెళుసవుతుంది. అంటుకున్న ఆకుల్ని బలవంతంగా విడదీయకండి. మెత్తటి కుంచెతో దుమ్ము తుడిచి, పాత దారం తీసి, ఆకుల క్రమం అంకె వేసిన చీటీలతో కాపాడి, రెండు చెక్కల మధ్య పెట్టి, గంజి లేని నూలుగుడ్డలో చుట్టండి. ఆకును మెత్తబరచడానికి సంప్రదాయంగా వాడేది నిమ్మగడ్డి నూనె, అదీ తెలిసినవారి చేత. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్య పరిశోధన సంస్థలో ఇలాంటి కట్టలు వేల సంఖ్యలో ఉన్నాయి. అక్కడ చూపిస్తే గ్రంథమేదో చెప్పగలరు.

ప్రశ్న: డాలస్‌లో పెరట్లో తాటిచెట్టు పెంచవచ్చా? (టెక్సస్)

జవాబు: అక్కడి మంచు దీన్ని బతకనివ్వదు. దక్షిణ ఫ్లోరిడాలో పెరుగుతుంది. కుండీలో పెంచాలనుకుంటే పొడవాటి వేరుకు చోటుండదు, వద్దు.

ప్రశ్న: ముంజలు కోయించే సరైన రోజు ఎలా తెలుసుకోవాలి? నిన్న లేతగా ఉన్నవి నాలుగు రోజులకే గట్టిపడుతున్నాయి. (ఒంగోలు)

జవాబు: ఎండాకాలంలో వారం తేడాతో ముంజ ముదురుతుంది. గెలలో ఒక కాయ కోసి చూడటమే నమ్మకమైన పద్ధతి. కత్తి టెంక పొరలోకి తేలిగ్గా దిగాలి, కాయ కంట్లో వేలు పెడితే ముంజ వణకాలి, లోపల నీరు ఉండాలి. కత్తి కరకరలాడితే ముదిరింది. అలాంటివి తింటే కడుపునొప్పి. ఒక గెలలో కాయలన్నీ దాదాపు ఒకే ఈడువి కాబట్టి ఒక్క కాయ చాలు. గెలను కోసి కింద పడేయకుండా తాడుతో దించండి, పడితే లోపల ముంజ చితికి గంటల్లో పులుస్తుంది. తోలుతో ఉన్న ముంజ ఫ్రిజ్‌లో మూడు రోజులు ఆగుతుంది, తోలు తీసింది ఆ పూటకే. లేత తోలులోని వగరు చిన్నపిల్లలకు పడదు గానీ పెద్దలు తోలుతోనే తినవచ్చు. వేసవి ముగిసేదాకా కోయించదలిస్తే ప్రతి చెట్టుకూ రెండు గెలలైనా వదిలేయండి. భాద్రపదంలో రాలే పళ్లు, ఆ తర్వాత నాటే టెంకలు వాటినుంచే రావాలి.